గాజుల చేతి పాఠం

నా చేతికి ఉద్యోగం వచ్చి పదకొండు నెలలైంది. నాకు రాలేదు. ఈ సంగతి నాకు తెలిసింది జూన్‌లో ఒక మంగళవారం పొద్దున, మా గుమ్మం ముందు బిందె పట్టుకుని నీళ్ళ ట్యాంకరు కోసం చూస్తున్నప్పుడు.

పక్కింటి నవ్య మెట్టు మీద కూర్చుని ఇంగ్లీషు వల్లె వేస్తోంది. ఇరవై ఏళ్ళ పిల్ల. వాళ్ళ నాన్నది ఉర్లాలో రోలింగ్ మిల్లు పని. రాయ్‌పూర్ పక్కన బీర్‌గావ్‌లో మా వీధంతా అలాంటి ఇళ్ళే. వచ్చే ఆదివారం ఆ పిల్లకి గుమాస్తా ఉద్యోగాల పరీక్ష. ఒక్కో ఇంగ్లీషు క్రియ పైకి అంటూ చెయ్యి ఊపుతోంది. ‘ఎంజాయ్’ అని బొటనవేలిని భుజం మీదుగా వెనక్కి చూపించింది. ‘హోప్’ అని అరచెయ్యి ముందుకి చాపింది. ‘ఫినిష్’ వెనక్కి. ‘ప్రామిస్’ ముందుకి.

నేను బిందె కింద పెట్టేశాను. అలా చెయ్యి ఊపడం ఈ భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు, ఆ మనిషిని నేను. నవ్యకి నేనెప్పుడూ ఆ పాఠం చెప్పలేదు. నా దగ్గర ట్యూషన్‌కి వచ్చేది ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు. నవ్య పోటీ పరీక్షల కోసం ఏదో యాప్‌లో చేరింది.

“ఎవరు చెప్పారే నీకిది?”

“యాప్‌లో వచ్చింది దీదీ. ‘శివాజీ సర్ మ్యాజిక్ హ్యాండ్.’ ఏక్‌దమ్ బుర్రకెక్కిపోతాది. నువ్వూ చూస్తావేటి?”

ఫోన్ నా చేతికిచ్చింది. తెర మీద ఒక బోర్డు, బోర్డు మీద ఒక చెయ్యి. మనిషి లేదు. తలా, ఒళ్ళూ అన్నీ కత్తిరించేశారు. మిగిలింది భుజం దాకా చెయ్యి, దాని వెనక ఒక గొంతు. ఆ చేతికి ఆరు ఆకుపచ్చ గాజులు, మధ్యలో మా అమ్మ ఇచ్చిన సన్నటి బంగారు గాజు. చూపుడు వేలి మీద చిన్నప్పుడు అట్లపెనం కాల్చిన మచ్చ. ఈ పిల్లలందరూ పాఠాలు ఒకటిన్నర వేగంలో నడిపించుకుని వింటారు, అందుకని గొంతు కీచుగా ఉంది. నేను వేగం తగ్గించాను. హిందీలో పాఠం చెబుతున్న నేను వినిపించాను.

నవ్య తెరనీ, నా చేతినీ మార్చి మార్చి చూసింది. “హాయ్ రామ్, నువ్వా దీదీ? గొంతు నీలాగే ఉందనుకున్నాను గానీ, శివాజీ సర్ అని రాసుంటే నువ్వనుకుంటానేటి?”

“శివాజీ చేతికి గాజులెప్పుడు వచ్చాయే?” అన్నాను.

పిల్ల బిక్కచచ్చిపోయింది. నా కోపం దాని మీద కాదు. కానీ కోపం వచ్చినప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్ళకే తగులుతుంది, నా కోపమైతే మరీను. పిరికివాళ్ళని చేతికి గాజులు తొడుక్కున్నావా అని ఎత్తిపొడుస్తారు కదా. ఈ మహానుభావుడు నా గాజులే తొడుక్కుని, నా పాఠం తన పేరున చెప్పుకుంటున్నాడు. ట్యాంకరు వచ్చి వెళ్ళిపోయింది. ఆ పూట మా ఇంట్లో నీళ్ళు లేవు.

శివాజీ ఎవరో పరాయివాడైతే ఇంత మండేది కాదు. మా నాన్న చిన్నారావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, శివాజీ వాళ్ళ నాన్న అదే వర్క్‌షాపులో వెల్డరు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే. రైల్వే కాలనీలో మా క్వార్టరుకి రెండు వరసల అవతల వాళ్ళది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఇద్దరం హిందీ మీడియమే. నాకు ఇంగ్లీషంటే ప్రాణం, అతనికి ఆమడ దూరం. అలాంటివాడు పెద్దయ్యాక శంకర్ నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటరు పెట్టాడు. పాఠం చెప్పడు, చెప్పించుకుంటాడు. గోడ గోడకీ అతని ఫోటో ఉంటుంది. వినాయక చవితి పందిరికి పెద్ద చందా అతనిదే గనక మన తెలుగువాళ్ళలో అతని మాటకి ఎదురు లేదు.

నేను భన్‌పురిలో ఒక చిన్న బడిలో తొమ్మిదేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. కరోనా రోజుల్లో మూసిన బడి మళ్ళీ తెరవలేదు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనే. నా పెళ్ళి ఊసెత్తే చుట్టాలు ఎత్తి ఎత్తి అలిసిపోయారు. నాకు కావలసింది ఒక్కటే. నిండా పిల్లలున్న తరగతి గది, అందులో నన్ను పేరు పెట్టి టీచరు అని పిలిచే ఉద్యోగం. దానికోసమే కిందటి జూలైలో శివాజీ దగ్గరికి వెళ్ళాను.

“డెమో ఒకటి ఇయ్యమ్మా వీణా,” అన్నాడు. డెమో అంటే ఉద్యోగం ఇచ్చేముందు ఒక పాఠం చెప్పించుకుని చూడడం. ఊళ్ళో అన్ని సెంటర్లలోనూ ఉన్న పద్ధతే. ఏ పాఠం కావాలో కూడా అతనే చెప్పాడు. ఇంగ్లీషులో ఒక క్రియ తర్వాత ఇంకో క్రియ వస్తే, ఆ రెండోదానికి వెనక ‘ఇంగ్’ తగిలించాలా, ముందు ‘టు’ పెట్టాలా అన్న పాఠం. జెరండ్, ఇన్ఫినిటివ్ అని దానికి పెద్ద పేర్లు. పిల్లలందరూ బోర్లా పడేది అక్కడే.

గదిలో ముప్ఫై మంది పిల్లలు, వెనక మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా. నేలమీద టేపు అంటించి, దాన్ని దాటి వెళ్ళొద్దన్నాడు. బయటికి వచ్చాక హిందీలో అచ్చు వేసిన కాగితం ఒకటి ముందు పెట్టి, “హాజరీ కోసం. ఇక్కడో సంతకమెట్టమ్మా,” అన్నాడు. పెట్టాను. ఇక్కడ మనకున్న జబ్బు ఇదే. హిందీవాడు ఏ కాగితం ఇచ్చినా నాలుగుసార్లు చదువుతాం. తెలుగులో అమ్మా అని పలకరించినవాడు ఏమిచ్చినా కళ్ళు మూసుకుని సంతకం చేస్తాం. ‘నేనే ఫోన్ చేస్తాను’ అన్నాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఆ పాఠం గురించి కూడా చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు సగమే అర్థమవుతుంది. రాయ్‌పూర్‌లో ఏ మాస్టారైనా దీనికి రెండు జాబితాలిచ్చి బట్టీ పట్టమంటాడు. ‘టు’ జాబితాలో నలభై, ‘ఇంగ్’ జాబితాలో నలభై. పరీక్ష గదిలో ఆ రెండూ కలిసిపోతాయి. హిందీలో వెళ్ళాలనుకున్నా ‘జానా’నే, వెళ్ళడం మానేసినా ‘జానా’నే. అందుకని పిల్లలకి ఆ తేడా చెవికి ఆనదు. నాకు మాత్రం మా అమ్మ మాటల్లో ఆనింది. అమ్మ పేరు తాయారమ్మ, ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు. ‘అన్నవరం ఎళ్ళాలనుందే’ అంటుంది. ‘పంచదార ఏసుకోడం మానీసేనే’ అంటుంది. ఒకటి ఇంకా ముందున్న పని. ఒకటి చేసి చూసిన పని. ముందున్నదానికి ‘టు’, చేసి చూసినదానికి ‘ఇంగ్’. అన్ని క్రియలూ ఈ లెక్కకి లొంగవు, కొన్ని మొండి ఘటాలుంటాయని పిల్లలకి ముందే చెప్పేస్తాను. కానీ ముప్పావు వంతు లొంగుతాయి. భన్‌పురి బడిలో తొమ్మిదేళ్ళు చెప్పి చెప్పి దానికి ఆ చేతి ఊపు తయారుచేశాను. అది మా అమ్మ వంటింటి మాటల్లోంచి నేను తీసుకున్న పాఠం. దాని నుదుటి మీద ఇప్పుడు శివాజీ పేరు ఉంది.

లోపలికి వెళ్ళి అమ్మకి చెప్పాను. చెప్పడమంటే అరిచాను. అమ్మ బియ్యం ఏరుతోంది.

“ఏటే, ఎందుకలాగ ఊగిపోతన్నావు? మనోడే గదే. మర్చిపోయుంటాడు.”

“మర్చిపోలేదమ్మా. అమ్ముకుంటున్నాడు. పదకొండు నెలలబట్టి నా పాఠం అమ్ముకుంటున్నాడు.”

“పోనీలే, పదిమందికి పనికొచ్చింది గదా. వినాయక సవితి పందిట్లో మొకమొకాలు సూసుకోవాల. గొడవెట్టుకోకు.”

“ఆ మాటలు నీవి. అన్నవరం వెళ్ళాలని, పంచదార మానేశాననీ. నువ్వన్నవే చెప్పాను.”

అమ్మ చేట పక్కన పెట్టింది. “నా మాటలా? ఆడి పేరునా?” అంది. తర్వాత గోడకి వేలాడే ఫోన్ ఛార్జరు వైపు చూసింది. ఈ పదకొండు నెలలూ నా ఫోన్ ఛార్జింగ్ చూసుకున్నది అమ్మే. శివాజీ ఎప్పుడు చేస్తాడో, ఆ టైముకి ఫోన్ చచ్చిపోయి ఉండకూడదని. నేను స్నానానికి వెళ్ళినా ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. అది గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపం రెట్టింపవుతుంది.

నవ్య దగ్గర పాస్‌వర్డు తీసుకుని నా ఫోన్‌లో ఆ యాప్ పెట్టుకున్నాను. గురువారం పొద్దున అవే ఆకుపచ్చ గాజులు వేసుకుని శంకర్ నగర్ వెళ్ళాను.

సెంటరులో ఆఫీసు గది బయట బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, మడమలు అరిగిన బూట్లు, జేబులో రెండు బోర్డు మార్కర్లు. నన్ను చూసి తెలుగు మనిషినని ఎలా పోల్చుకున్నారో, జరిగి చోటిచ్చారు. పేరు బంగారయ్య. భిలాయిలో ముప్ఫయ్యేళ్ళు లెక్కల మాస్టారట, రిటైరై రాయ్‌పూర్‌లో కూతురింట్లో ఉంటున్నారట.

“డెమోకి వచ్చారా బాబాయిగారూ?”

“అవునమ్మా. ఇది నాలుగోది. శాతాలు చెప్పేను, లాభనష్టాలు చెప్పేను, కాలము-పని చెప్పేను. ఇవాళ రైళ్ళ లెక్కలు చెప్పమన్నాడు. ఈసారి ఖాయం చేస్తానన్నాడు. మనవాడే గదా, అబద్ధమాడడు.”

“మార్కర్లు మీరే తెచ్చుకున్నారా?”

“ఇక్కడివి సరిగా రాయవమ్మా. వెనక బెంచీ పిల్లలకి కనపడదు.”

ఆయన దగ్గర మామూలు బటన్ ఫోను. నేను నా ఫోన్‌లో వెతికి శాతాల పాఠం తీసి ఆయన ముందు పెట్టాను. ‘శివాజీ సర్ మ్యాజిక్ పర్సంటేజ్.’ తెర మీద ముడతలు పడిన చెయ్యి, స్టీలు గొలుసు వాచీ. బంగారయ్యగారు తన మణికట్టు వైపు చూసుకున్నారు. అదే వాచీ. నేను ఆయన కోప్పడతారని చూస్తున్నాను. ఆయన పాఠం చివరిదాకా విన్నారు.

“బాగానే చెప్పేనమ్మా,” అన్నారు మెల్లిగా. “ఎంతమంది చూసేరంటావు?”

“పద్నాలుగు వేలు.”

“పద్నాలుగు వేలా,” అన్నారు, అని తల దించుకున్నారు. ఆ తల దించుకోవడం నేను జన్మలో మర్చిపోను. నాకు జరిగినప్పుడు వచ్చిన కోపం ఒకటి. ఇది వేరు. ఇది కాళ్ళలోంచి వచ్చింది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. శివాజీ లేచి నిలబడ్డాడు, రెండు చేతులూ జోడించాడు.

“ఏటమ్మా వీణా, వందేళ్ళు నీకు. నిన్ననే అనుకున్నాం. పిన్ని ఎలాగుంది?”

“నా పాఠం యాప్‌లో ఎందుకుందన్నయ్యా?”

దబాయిస్తాడనుకున్నాను. దబాయించలేదు. నవ్వాడు. “సూసేవా? ఏక్‌దమ్ హిట్టమ్మా. మా ఇంగ్లీషు కోర్సంతటికీ అదే టాప్.”

“నా మొహం ఏది? నా పేరేది?”

“సెంటరుకి ఒక్క పేరుంటాదమ్మా. పది పేర్లెడితే పిల్లలు గాభరా పడిపోతారు. ఫారంలో రాసుంది గదా, డెమో రికార్డింగు సెంటరుదేనని. నువ్వే సంతకమెట్టేవు.”

“హాజరీ అన్నావు.”

“మనోళ్ళ మధ్య కాగితాలేటమ్మా, పేర్లేటమ్మా. టెన్షన్ మత్ లో, కంగారు పడకు.”

“కాగితం మీద సంతకం పెట్టించుకున్నది నువ్వు. మనోళ్ళ మధ్య కాగితాలేమిటని ఇప్పుడు నన్నడుగుతున్నావా? మొదట్లోనే నా పేరు కింద చిన్నగా వేస్తే నీ సొమ్మేం పోయింది?”

అతను నవ్వు ఆపలేదు. నా గొంతు పెరిగేకొద్దీ అతని గొంతు మెత్తబడుతోంది. అలాంటివాళ్ళతో దెబ్బలాడడం చాలా కష్టం. గోడమీది ఫోటో కూడా అలాగే నవ్వుతోంది.

“ఒక పని సెయ్యి,” అన్నాడు. “రెండో పార్టు సెప్పీ. పిల్లలు గోలెట్టీస్తన్నారు, ఆదివారం పరీచ్చ. క్లాసు రెడీగా ఉంది. ముసలాయన్ని తరవాత పంపిస్తాను. ఇదైపోతే నీ ఉద్యోగం పక్కా, అమ్మతోడు.”

నేను ఛీ అని లేచి రావాలి. రాబోయాను కూడా. అప్పుడు అతను ఇంకో మాట అన్నాడు.

“ఇంకోటమ్మా. ఎగ్జాంపుల్స్‌లో రాము, మోహన్ అని ఎవడో దారినపోయేవాడెందుకు? నా పేరెట్టు. బోర్డు మీద పెద్దచ్చరాలతో రాయి. పిల్లలకి బ్రాండు గుర్తుంటాది. అందరిసేతా అలాగే రాయిస్తన్నాం ఇప్పుడు.”

నేను ఆగాను. “నీ పేరు పెట్టి రాయమంటావా?”

“ఎన్ని కావాలంటే అన్ని రాయి.”

“సరే,” అన్నాను.

తరగతి గదిలోకి వెళ్తుంటే నా బుర్రలో ఉన్నది పాడు ఆలోచన. అది కూడా చెప్పేస్తాను. పాఠం తలకిందులుగా చెప్పేద్దామనుకున్నాను. ముందుది వెనక్కి, వెనకది ముందుకి. అతని దగ్గర ఇంగ్లీషు తెలిసినవాడు ఒక్కడూ లేడు, ఉంటే నాలాంటివాళ్ళతో డెమోలు ఎందుకు? తప్పు పాఠం అతని పేరుతో ఊరంతా తిరుగుతుంది. పదిమందిలో పరువు పోతుంది. అనుకుంటూ నేల మీది టేపు దగ్గర నిలబడ్డాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి అప్పుడే నోటుపుస్తకం పేజీని నిలువునా మడిచింది. ఎడమవైపు ‘పీఛే’ అనీ, కుడివైపు ‘ఆగే’ అనీ హిందీలో రాసుకుంది. వెనక్కి, ముందుకి. నా మొదటి పాఠం విని నేర్చుకున్న పద్ధతి అది. పెన్ను పట్టుకుని నా చేతి వైపు చూస్తోంది. ఆ పిల్లకి ఆదివారం పరీక్ష. ఆ అమ్మాయికి తప్పు చెబితే శివాజీకీ నాకూ తేడా ఏముంది?

అతను కెమెరాలో ఎర్ర దీపం వెలిగిందో లేదో చూసి, అద్దం తలుపు వేసుకుని వెళ్ళాడు. బంగారయ్యగారు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు.

నేను మార్కరు తీసుకున్నాను. బోర్డు మీద పెద్ద అక్షరాలతో మొదటి వాక్యం రాశాను. ‘వీణా ఎంజాయ్స్ టీచింగ్.’ పాఠం చెప్పడమంటే వీణకి ఇష్టం. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి. వీణ ఎవరు అని ఒక కుర్రాడు అడిగాడు. నేనే అన్నాను. ఈ గాజుల చెయ్యి నాదే, మొదటి పాఠం చెప్పిన చెయ్యి కూడా ఇదే, చూసుకోండి అని చెయ్యి తిప్పి చూపించాను. గది గుసగుసలాడింది. రెండో వాక్యం రాశాను. ‘శివాజీ ప్రామిస్డ్ టు కాల్ వీణా.’ వీణకి ఫోన్ చేస్తానని శివాజీ మాటిచ్చాడు. అరచెయ్యి ముందుకి. మూడోది, ‘శివాజీ అవాయిడ్స్ కాలింగ్ హర్.’ చెయ్యకుండా తప్పించుకుంటున్నాడు. చెయ్యి వెనక్కి.

అక్కణ్ణుంచి నేను ఆగలేదు. ప్రతి క్రియకీ ఒక వాక్యం, ప్రతి వాక్యం జరిగిందే. వీణ ఉద్యోగం వస్తుందని ఆశపడింది, ‘హోప్డ్ టు’. శివాజీ ఆమె పాఠం అమ్ముతూనే ఉన్నాడు, ‘కెప్ట్ సెల్లింగ్’. ఆమె పేరు వెయ్యడానికి ఒప్పుకోలేదు, ‘రిఫ్యూజ్డ్ టు’. బంగారయ్య సర్ మూడుసార్లు పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు, ‘అగ్రీడ్ టు’. శివాజీకి ఊరికే చెప్పించుకోవడం ఇష్టం, ‘ఎంజాయ్స్ గెటింగ్’. కాగితం చదవకుండా సంతకం పెట్టినందుకు వీణ బాధపడుతోంది, ‘రిగ్రెట్స్ సైనింగ్’. ప్రతి వాక్యాన్నీ హిందీలో విడమరిచి చెప్పాను. ఎందుకు వెనక్కో, ఎందుకు ముందుకో చెప్పాను. మొండి ఘటాలేవో చెప్పాను. భన్‌పురిలో తొమ్మిదేళ్ళు చెప్పినదానికంటే ఆ రోజే బాగా చెప్పాను. కోపంలో నాకు చేతిరాత కుదురుగా వస్తుందని ఆ రోజే తెలిసింది.

మధ్యలో శివాజీ అద్దం తలుపు అవతల నిలబడి చూశాడు. బోర్డు నిండా తన పేరు, పెద్ద అక్షరాల్లో, ఒకటి కాదు పన్నెండు సార్లు. పిల్లలు తలెత్తకుండా రాసుకుంటున్నారు. తన పేరు తప్ప ఇంకేదీ చదవకుండానే మురిసిపోయి బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయాడు.

పేజీ మడుచుకున్న అమ్మాయి చివర్లో చెయ్యెత్తింది. “మేడమ్, ఇవన్నీ ఉదాహరణలా, నిజంగా జరిగాయా?” అని హిందీలో అడిగింది.

“రాసుకో,” అన్నాను. “రెండూ.”

నేను దిగేసరికి బంగారయ్యగారి వంతు. ఆయన లేచారు. జేబులోంచి మార్కర్లు తీసి ఒకసారి చూసుకున్నారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. నాతోపాటే మెట్లు దిగారు. కింద రోడ్డు మీదికి వచ్చాక, “రైళ్ళ లెక్కలు నాకు చాలా ఇష్టమమ్మా,” అన్నారు. ఆయన్ని ఆటో ఎక్కించి నేను బస్సెక్కాను.

శుక్రవారం సాయంత్రానికల్లా యాప్‌లో వచ్చేసింది. ‘శివాజీ సర్ మ్యాజిక్ హ్యాండ్, రెండో భాగం.’ నేను అనుకున్నట్టే జరిగింది. వాళ్ళు మనిషిని కోశారు, చేతిని ఉంచారు. బోర్డు కొయ్యడానికి లేదు, పాఠం బోర్డు మీదే ఉంది. ఎవడో యంత్రంలా కోసి, పేరు తగిలించి ఎక్కించేశాడు, చదవలేదు, వినలేదు. పరీక్ష ముందు రెండు రోజులు, పిల్లలందరూ ఫోన్లలోనే ఉంటారు. శనివారం మధ్యాహ్నానికి పదకొండు వేల మంది చూశారు. నవ్య పరిగెత్తుకొచ్చి, వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ వాక్యాలన్నీ రాసిన పేజీ ఫోటో పెట్టారని చూపించింది. నిలువునా మడిచిన పేజీ. పైన ‘వీణా మేడమ్’ అని రాసి ఉంది.

అమ్మ ఆ ఫోన్ తీసుకుని చదవడం రాని ఆ అక్షరాలని చాలాసేపు చూసింది. “ఇందులో నీ పేరెక్కడే?” అంది. చూపించాను. “మరి నా మాటలెక్కడే?” అంది. వేలు పెట్టి కుడివైపూ ఎడమవైపూ చూపించాను.

శనివారం సాయంత్రం ఫోన్ మోగింది. ఛార్జరు దగ్గర కూర్చున్న అమ్మే చూసింది. “శివాజీయే,” అంది. పదకొండు నెలల తర్వాత.

“ఏటమ్మా ఇలాగ సేసీసినావు?” ఈసారి అతని గొంతులో నవ్వు లేదు. “పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. క్లాసులో పిల్లలు వీణా మేడమ్ ఎవరు, ఎందుకు ఫోన్ సెయ్యలేదని నన్నే నిలదీస్తన్నారు. ఆ వీడియో తీసీసేను, ఏం లాభం, అందరి దగ్గరా ఉంది. ముసలాయన ఫోనెత్తడు.”

“నీ పేరు పెట్టి రాయమన్నది నువ్వే కదా శివాజీగారూ.”

అన్నయ్యా అనలేదని అతనికి తెలిసింది. తర్వాత మళ్ళీ మెత్తబడ్డాడు.

“సరే, అయిందేదో అయింది. సోమవారం వచ్చి జాయినైపో. నీ పేరేస్తాను, నీ మొకమేస్తాను, గోడమీద ఫోటో కూడా ఎట్టిస్తాను. ఒక్క నిమిషం వీడియో ఇచ్చీ, సాలు. అయి ఊరికే ఎగ్జాంపుల్సు, పాటం కోసం కల్పించినవి అని సెప్పీ. బస్, అంతే.”

స్పీకరు పెట్టి ఉంది. అమ్మ నా మొహం చూస్తోంది. పిల్లలతో నిండిన గది, నా పేరు, టీచరు అనే పిలుపు. జూలై నుంచి నేను కోరుకున్నవన్నీ ఒక్క ఫోన్‌లో వచ్చాయి. వాటితోపాటే వచ్చింది ఆ ఒక్క నిమిషం. దేవుడి మీద ఒట్టు, సరే అనాలని నాకు అనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. బంగారయ్యగారు తన వాచీ వంక చూసుకోవడం గుర్తొచ్చింది. అది కూడా కల్పించిందే అని చెప్పాలి కాబోలు.

“కల్పించినవి కావు,” అన్నాను. “జరిగినవి.”

ఆ మాటంటుంటే నా రెండో చెయ్యి దానంతటదే లేచి, బొటనవేలు భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది. ఫోన్‌లో అతనికి కనిపించదు. అమ్మకి కనిపించింది.

“ఆలోసించుకోమ్మా, తొందరేటి,” అంటున్నాడు శివాజీ. “మరేటి సెప్పమంటావు పిల్లలకి?”

“నేనే ఫోన్ చేస్తాను,” అని పెట్టేశాను.

“సేస్తావేటే?” అంది అమ్మ.

“చెయ్యను.”

అమ్మ లేచి వెళ్ళి, గోడకి పదకొండు నెలలుగా వేలాడుతున్న ఛార్జరు పీకి, తీగ చుట్టి, అల్మారాలో పెట్టేసింది.